నలభై ఒకటో నంబరు ఆరోగ్యవంతుడు

పోయిన వారం మనం స్కానమ్మను పెద్ద డాక్టరమ్మ గది తలుపు ముందు నిలబెట్టి, ఎవరి పొయ్యి దగ్గరికి వాళ్ళం వెళ్ళిపోయాం. మనకి ఏడు రోజులు గడిచాయి. ఆమెకి గడిచింది పది నిమిషాలే గానీ, ఆ పది నిమిషాల్లో రెండు చేతుల గోళ్ళూ అయిపోయాయి.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోదాం. ఆ ఆసుపత్రి రక్తనాళాల విభాగంలో ఒక పరిశోధన నడుస్తోంది. కాళ్ళ నాళాలు పూడుకుపోయి, నాలుగడుగులు వేస్తే పిక్కలు పట్టేసే రోగులున్నారు. ఏ జబ్బూ లేనివాళ్ళతో పోలిస్తే వాళ్ళ నాళాల గోడలు ఎంత తేడాగా ఉంటాయో తేల్చాలి. రోగులకు కొదవ లేదు, వరండా నిండా వాళ్ళే. ఆరోగ్యవంతులు దొరకడమే గగనం. ఒంట్లో బాగున్నవాడు ఆసుపత్రి గడప ఎందుకు తొక్కుతాడు? అందుకని, ఇక్కడ పనిచేసే ప్రతివాళ్ళూ చుట్టాల్లోంచి అరవై దాటిన గట్టి మనిషిని ఒకణ్ణి తేవాలని పెద్ద డాక్టరమ్మ ఆజ్ఞ వేశారు. తెచ్చారు. రోగులనూ వాళ్ళనూ కలిపేసి, పేర్లు తీసేసి నంబర్లు వేశారు. స్కాన్ తీసేవాళ్ళు తీసి పడేశారు. కొలవడం స్కానమ్మ పని. కొలిచే మనిషికి ఆ బొమ్మ ఎవరిదో తెలియకూడదు.

తీసిన ఐదు నెలలకు, ఈ ఉదయం, నలభై ఒకటో నంబరు దగ్గర ఆమె చెయ్యి ఆగిపోయింది. గుండె నుంచి పొట్టలోకి దిగే పెద్ద నాళం రెండు సెంటీమీటర్ల వెడల్పు ఉండాలి. ఆ బొమ్మలో ఐదు పాయింట్ ఎనిమిది ఉంది. రబ్బరు గొట్టం ఒకచోట ఉబ్బి బుడగ కట్టినట్టుంది.

నంబరు వెనక పేరేమిటో తెలిసింది ఈ పరిశోధన లెక్కలూ కవర్లూ చూసే లెక్కల మాస్టారికి ఒక్కరికే. ఆయన చెప్పనన్నారు. ఇక తలుపు తెరుద్దాం.

లోపల లెక్కల మాస్టారు బీరువా తాళాల గుత్తిని పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

"నియమం నేను పెట్టింది కాదు మేడమ్, మీరు పెట్టిందే. పని పూర్తయ్యేదాకా కవర్లు విప్పొద్దన్నారు. విప్పలేదు. మా ఆవిడకి కూడా చెప్పని పేర్లు అవి."

"మీ ఆవిడ అడిగిందా?" అన్నారు పెద్ద డాక్టరమ్మ.

"అడగలేదనుకోండి."

"అదే కాగితం రెండో పుటలో, ప్రాణం మీదికొస్తే విప్పొచ్చని కూడా రాశాను. కారణం రాసి ముగ్గురం సంతకం పెట్టాలి. పెన్ను తియ్యండి."

మాస్టారు పెన్ను తీశారు గానీ మూత తియ్యలేదు. "అది రోగుల్లో ఒకరిదే అయ్యుంటుందండి. రోగులైతే ఎలాగూ మీ కళ్ళ ముందే ఉంటారు."

"కాకపోతే?" అంది స్కానమ్మ. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "ఆ బుడగ పగిలితే మనిషికి ఎంత వ్యవధి ఉంటుందో తెలుసా మాస్టారూ?"

"నాకు తెలిసిందల్లా అంకెలేనమ్మా. ఆ అంకె కూడా తెలుసు." ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. "తెలుసు గనకే ఆ కవరంటే భయం వేస్తోంది."

రాశారు. ముగ్గురూ సంతకాలు పెట్టారు. బీరువా తెరిచి, నలభై ఒకటో కవరు తెచ్చి బల్ల మీద పెట్టి, అంచు చింపి లోపలి కాగితం పైకి లాగారు. స్కానమ్మ బల్లకి అవతల నిలబడి ఉంది. కాగితం ఆమెకి తలకిందులుగా కనిపిస్తోంది. అయినా పేరు చదవాల్సిన అవసరం రాలేదు. ఆ చేతిరాత తనదే.

'ఆరోగ్యవంతుల జాబితా' అని పైన అచ్చు. కింద గుండ్రటి అక్షరాలతో తను నింపిన గళ్ళు. వృత్తి: దర్జీ. వయసు: అరవై రెండు. పొగ తాగే అలవాటు: ఎన్నడూ లేదు. తెచ్చినవారికి ఏమవుతారు: బావ.

"కూర్చో," అన్నారు పెద్ద డాక్టరమ్మ. ఆమె కూర్చోలేదు. "మీ అక్కగారి భర్తా?"

"అవునండి."

"ఆ రోజు నువ్వు చూడలేదా?"

"సొంత చుట్టాల దగ్గర ఉండకూడదన్నారు కదండీ. స్కాన్ అయ్యేదాకా నన్ను పై అంతస్తులో కట్టు కట్టే గదికి పంపించారు. కాగితం ముందు రోజు మా అక్కవాళ్ళింట్లో నింపి ఇచ్చాను, అంతే."

"సరే, విను. ఐదు పాయింట్ ఎనిమిది అనేది ఐదు నెలల కిందటి మాట. ఇవాళ ఎంత పెరిగిందో మనకి తెలీదు. ఈ పూటే తీసుకురా. బరువులు ఎత్తనివ్వకు, మెట్లెక్కనివ్వకు. ఆపరేషన్ థియేటర్ వాళ్ళతో నేను మాట్లాడతాను." ఆవిడ ఫోన్ అందుకున్నారు. "భయపెట్టకుండా చెప్పు."

భయపడుతున్న మనిషికి ఇలాంటి సలహా ఇవ్వడం డాక్టర్లకి అలవాటు. ఇచ్చిన సలహాని ఎలా పాటించాలో మాత్రం ఏ వైద్య కళాశాలలోనూ నేర్పినట్టు లేదు.

బావ కొట్టు ఆసుపత్రికి మూడు వీధుల అవతల. ఆ దూరం స్కానమ్మ ఎలా నడిచిందో ఆమెకే గుర్తులేదు. గుర్తున్నదల్లా ఒక లెక్క. కొలతలు ఒకటో నంబరు నుంచి మొదలుపెట్టింది. మధ్యలో కంప్యూటర్ చెడిపోయి పదిహేను రోజులు, తనకి జలుబు చేసి నాలుగు రోజులు, పన్నెండో నంబరు సరిగా రాలేదని దానితో కుస్తీ పట్టి రెండు రోజులు. కింది నుంచి మొదలుపెట్టి ఉంటే నలభై ఒకటి ఎప్పుడో వచ్చేది. ఎవరైనా ఒకటి నుంచే మొదలుపెడతారు. అందులో తప్పేముంది? ఏమీ లేదు. అయినా ఆ లెక్క మళ్ళీ మొదటినుంచి వేసుకుంది.

పైగా ఆ రోజు బావని బతిమాలింది తనే. "నీలాంటి గట్టిపిండం మాకు ఊరంతా వెతికినా దొరకదు బావా" అంది. అక్క పక్కనే కూర్చుని మురిసిపోయింది.

కొట్టులో బావ మిషను ముందు కూర్చుని ఉన్నాడు. పళ్ళ మధ్య నాలుగు గుండుసూదులు, మెడలో టేపు, చెవి మీద సుద్దముక్క. ఎదురుగా నీలం నిక్కర్లు గుట్టగా పడి ఉన్నాయి. తనకి ఆరేళ్ళప్పుడు అక్కని చేసుకుని ఇంటికొచ్చిన మనిషి. తన మొదటి బడి గౌను కుట్టిందీ ఈయనే. అది పొడుగైపోయిందని ఏడిస్తే, "పెరుగుతావులే" అన్నాడు.

"రా మరదలా," అన్నాడు సూదుల సందుల్లోంచి. "నీ తెల్లకోటు జేబు ఇంకా కాలేదు. బడి నిక్కర్లు ఎనభై ఉన్నాయి. పిల్లలకి సోమవారానికల్లా పరువు కావాలి. నీకు జేబు లేకపోతే కొంపలంటుకోవు."

"బావా, ముందు పెడల్ మీంచి కాలు తియ్యి."

"ఎందుకూ?"

"తియ్యమన్నాను కదా."

తీశాడు. మిషను గరగరమని ఆగిపోయింది. ఆయన ఆమె ముఖంలోకి చూసి, సూదులు ఒక్కొక్కటే నోట్లోంచి తీసి దిండుకు గుచ్చాడు.

"మీ అక్క పంపిందా?"

"అక్కకి ఇంకా తెలీదు."

ఆ మాటతో ఆయన ముఖంలో రంగు మారింది. "చెప్పకే. నీకు పుణ్యముంటుంది. నేనే చెప్పుకుంటాను, సమయం చూసుకుని."

"నీకు ముందే తెలుసా?"

"నాకు తెలీకుండా ఎలా ఉంటుంది?"

తెలిసి ఐదు నెలలు నిక్కర్లు కుట్టుకుంటూ కూర్చున్నాడా? అప్పుడు ఆమె దృష్టి బావ చూపు వెంట బల్ల కిందికి పోయింది. అక్కడ దారం ఉండల డబ్బా వెనక సగం కాల్చి ఆర్పిన సిగరెట్టు ఒకటి కనిపించింది.

"అయ్యో బావా. నేను వచ్చింది దాని గురించి కాదు."

"మరి?" ఆయన గొంతు వెంటనే తేలికైంది. "అంతేనా, ఇంకేమైనా చెప్పు, వింటాను. ప్రాణం లేచొచ్చింది."

ప్రాణం గురించే ఆమె చెప్పాల్సింది. స్టూలు లాక్కుని, ఆయన మోకాళ్ళకి మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూర్చుంది. భయపెట్టకుండా చెప్పాలి. దారి పొడుగునా కూడబలుక్కున్న మాటలన్నీ కొట్టు మెట్టు మీదే చెప్పుల్లాగా వదిలేసి వచ్చినట్టుంది.

"నువ్వు మా దగ్గర స్కాన్ తీయించుకున్నావు చూడు. అందులో ఒకటి కనబడింది. పొట్టలో ఒక పెద్ద రక్తనాళం ఉంటుంది. రెండు సెంటీమీటర్లు ఉండాలి. ఐదు పాయింట్ ఎనిమిది ఉంది."

దర్జీకి అంకె వినపడితే చెయ్యి దానంతటదే టేపు మీదికి పోతుంది. బొటనవేలి గోరు ఐదు దాటి, ఎనిమిది చిన్న గీతలు లెక్కపెట్టుకుని ఆగింది.

"ఇంతా?"

"అంత."

"ఇది కాలర్ కన్నా వెడల్పు." ఆ గోరు తియ్యకుండానే అడిగాడు. "అయితే ఏమవుతుంది?"

"బిగుతు చొక్కా వేసుకుని చేతులు ముందుకు చాస్తే వీపు మీద గుడ్డ ఎలా ఉంటుంది? నీకు నేను చెప్పాలా?"

"పలచబడుతుంది. కుట్టు దగ్గర కాదు, గుడ్డ మధ్యలో పోతుంది." ఆయన మెల్లగా అన్నాడు. "మళ్ళీ అతుకు పడదు."

"మేం వేస్తాం బావా. పగలకముందు వస్తే వేస్తాం. లోపల కొత్త గొట్టం పెడతాం, అదీ గుడ్డలాంటి దానితోనే చేస్తారు. మా పెద్ద డాక్టరమ్మ చేతిలో ఎన్నో బాగుపడ్డాయి. పగిలాక వస్తేనే..." ఆమె ఆపేసింది. "లే. చొక్కా మార్చుకోవద్దు, ఇలాగే రా. అక్కకి ఆసుపత్రి నుంచి చెబుదాం."

బావ లేవలేదు. టేపు వేలికి చుట్టుకుంటున్నాడు, విప్పుతున్నాడు, మళ్ళీ చుట్టుకుంటున్నాడు.

"నాకు లేదే అది."

"అందరూ ముందు అదే అంటారు. నొప్పి లేకపోతే జబ్బు లేదనుకుంటారు."

"అది కాదు. నాకు లేదంటే లేదనే. ఆ బొమ్మ నాది కాదు."

"నీ పేరు, నా చేతిరాత. ఇప్పుడే కళ్ళారా చూసి వచ్చాను."

"రాత నీదే. పేరు నాదే." ఆయన తల వంచుకున్నాడు. "పొట్ట మాత్రం నాది కాదు."

వీధిలో ఎవరో సైకిల్ బెల్లు కొట్టుకుంటూ పోయారు. స్కానమ్మకి ఆ మాట అర్థమవడానికి ఆ సైకిలు సందు మలుపు తిరిగేంత సేపు పట్టింది.

"నువ్వు వెళ్ళలేదా?"

"వెళ్దామనే అనుకున్నాను. ముందు రోజు నువ్వు కాగితం నింపుతూ పొగ తాగుతావా అని అడిగావు. పక్కన మీ అక్క కూర్చుని ఉంది. ఏమనమంటావు? ఎన్నడూ లేదన్నాను. అప్పుడు నువ్వేమన్నావు? మా యంత్రం ముందు ఏదీ దాగదు బావా, అన్నావు."

"హాస్యానికి అన్నాను."

"నాకు హాస్యంగా లేదు. రాత్రంతా ఆలోచించాను. లోపల పొగ కనబడుతుంది, నువ్వు చూస్తావు, మీ అక్కకి చెబుతావు. పదేళ్ళ కిందట మానేశానని మీ అక్క చేతిలో చెయ్యి వేసి చెప్పానే నేను."

"మేం ఊపిరితిత్తుల జోలికే పోము బావా. పొట్టా, కాళ్ళూ, అంతే."

"ఆ ముక్క అప్పుడు చెప్పలేదు నువ్వు."

చెప్పలేదు, నిజమే. స్కానమ్మకి ముందు కలిగింది సంతోషం. సిగ్గులేని సంతోషం. బావకి లేదు. అక్కకి ఏమీ చెప్పక్కర్లేదు. లేచి ఆ నిక్కర్ల గుట్ట మీద పడి నిద్రపోవాలనిపించింది. ఈ సంగతి వింటే లెక్కల మాస్టారికే ఆపరేషన్ అవసరమవుతుందనుకుని నవ్వబోయింది కూడా.

నవ్వు సగంలోనే ఆగింది. బొమ్మ అబద్ధం కాదు. ఆ నాళం ఎవరి పొట్టలోనో ఉంది. ఆ మనిషి ఐదు నెలలుగా దాన్ని మోసుకుంటూ తింటున్నాడు, నవ్వుతున్నాడు, మెట్లెక్కుతున్నాడు. బావనైతే చెయ్యి పట్టుకుని లాక్కుపోవచ్చు. ఆ మనిషి ఎవరో ఆసుపత్రిలో ఏ కాగితమూ చెప్పదు.

"ఎవర్ని పంపావు?"

బావ టేపుని వేలికి ఇంకో చుట్టు చుట్టాడు.

"బావా, ఎవర్ని?"

"చెప్పనని మాటిచ్చానే. బయటపడితే ఆయన పరువు పోతుంది. మధ్యలో మా అమ్మాయి ఉంది."

"పరువు పోతే మళ్ళీ కుట్టుకోవచ్చు. నువ్వే అన్నావు, సోమవారానికల్లా ఇస్తావట. చెప్పు."

"మా వియ్యంకుడు."

స్కానమ్మ కళ్ళ ముందు అక్క కూతురి మామగారు నిలువెత్తున నిలబడ్డాడు. వ్యాయామం మాస్టారుగా చేసి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. విశ్రాంతి అంటే రోజూ పొద్దున్నా సాయంత్రం గంటేసి నడవడం. ఎవరింటికెళ్ళినా కుర్చీలో వెనక్కి ఆనడు. పంచదార వేసుకునేవాళ్ళ వంక జాలిగా చూస్తాడు. పదిమందిలో వియ్యంకులిద్దరూ మీరంటే మీరని మర్యాదలు పోతారు గానీ, వెనక సందులో ఒకరు కాలుస్తుంటే ఇంకొకరు కాపలా ఉండేంత స్నేహం ఉందని ఆడవాళ్ళెవరికీ తెలీదు.

"ఆయనెలా ఒప్పుకున్నాడు?"

"ఒప్పుకోవడమేమిటి? ఆరోగ్యవంతుడు కావాలంటే నన్నడగాలి గానీ నిన్నడగడమేమిటయ్యా అని ఒకటే నవ్వు. నా కాగితం పట్టుకుని ఉత్సాహంగా పోయాడు. వచ్చి, నర్సమ్మ నా నాడి చూసి మెచ్చుకుందని వారం రోజులు చెప్పాడు."

స్కానమ్మకి ఇందాకటి కాగితం కళ్ళ ముందు మెదిలింది. తను నింపిన గళ్ళ కింద స్కాన్ తీసినవాళ్ళు రాసిన వరస ఒకటి ఉంది. ఎత్తు: నూట డెబ్భై ఎనిమిది సెంటీమీటర్లు. బావ స్టూలెక్కినా అంత ఎత్తు ఉండడు. చూసింది, కానీ భయంలో ఆ అంకె కంటికి ఆనలేదు. ఎత్తు రాసిన మనిషికీ దర్జీని చూసి అనుమానం రాలేదు. దర్జీలు ఇంత ఎత్తే ఉండాలని ఎక్కడా రాసి లేదు కదా.

"ఫోన్ చెయ్యి."

బావ చేశాడు. చివరిదాకా మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాడు. మళ్ళీ అంతే.

"నిద్రపోతున్నాడేమో," అన్నాడు.

"పగటి నిద్ర పాపమని మనకి పాఠం చెప్పే మనిషి. అమ్మాయికి చెయ్యి."

అక్క కూతురు మొదటి రింగుకే ఎత్తింది. బావ చేతిలోంచి స్కానమ్మ ఫోన్ లాక్కుంది.

"నాన్నా, మామయ్యగారి ఫోన్‌కి చేసింది నువ్వేనా? ఇక్కడ అలమరలో మోగుతోంది. నా చేతులు సబ్బులో ఉన్నాయి, తుడుచుకుని వచ్చేలోపు ఆగిపోయింది."

"నేనే, పిన్నిని. మామయ్యగారేరీ?"

"పిన్నీ, నువ్వా. ఆయన ఇంట్లో లేరు. ఏం, ఏమైంది?"

"ఏం కాలేదు. ఎక్కడికెళ్ళారు?"

"నడకకి. పొద్దున ఒకసారి వెళ్ళొచ్చారు. వచ్చాక నడుం పట్టేసిందన్నారు. ఎప్పుడూ అలా అనని మనిషి. గోడకి ఆనుకుని నిలబడి చెమటలు తుడుచుకుంటుంటే పడుకోమన్నాను. వింటారా? కండ బిగుసుకుంది, ఇంకో రెండు మైళ్ళు నడిస్తే అదే వదులుతుందని మళ్ళీ వెళ్ళారు."

"నడుం నొప్పేనా? పొట్ట కూడానా?"

"పొట్ట మీద కూడా చెయ్యి పెట్టుకున్నారు పిన్నీ. ఎందుకలా అడుగుతున్నావు?"

బావ ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. "నడుం నొప్పయితే ఏమిటి?" అన్నాడు పెదాలతోనే, శబ్దం లేకుండా. స్కానమ్మ ఫోన్ అరచేత్తో మూసింది.

"గుడ్డ చిరగడం మొదలైందన్నమాట."

బావ లేచాడు. గోడకి తగిలించిన స్కూటర్ తాళం తీశాడు. మెడలో టేపు అలాగే ఉంది.

స్కానమ్మ ఫోన్ మళ్ళీ చెవికి ఆనించింది. "విను తల్లీ. ఎంతసేపైంది వెళ్ళి?"

"గంట దాటింది. ఈపాటికి వచ్చేయాలి."

"ఎటు వెళ్తారు?"

అవతల కుళాయి కట్టేసిన శబ్దం వినిపించింది. తరవాత అమ్మాయి గొంతు చిన్నదైపోయింది.

"అదే తెలీదు పిన్నీ. ఒకే దారిలో నడిస్తే కాళ్ళకి బద్ధకం పడుతుందని, రోజుకో వైపు వెళ్తారు."